టోఫుకి సాసులెందుకు, ఆవ పెట్టి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సోయాతో చేసే టోఫు గురించి పేజీ నిండా రాశారు. రెండుసార్లు చదివాను. మా ఇంట్లో మూడేళ్లుగా వారానికి రెండుసార్లయినా టోఫు వండుతున్నాం కాబట్టి దాని మీద ఎవరు ఏం రాసినా చదవకుండా ఉండలేను. రాసినందుకు చాలా సంతోషం. కానీ మీరు ఇచ్చిన ఐదు వంటల్లో నాలుగింటికి సోయా సాస్, చిల్లీ సాస్, వెనిగర్ కావాలి, ఐదోది సలాడ్. ఆ సీసాలు మా ఊళ్లో దొరకవని కాదు, ఇప్పుడు అన్నీ దొరుకుతున్నాయి, కానీ అలాంటి కూర కలుపుకుని మధ్యాహ్నం అన్నం తినే ఇళ్లు మా కోనసీమలో ఎన్ని ఉంటాయో మీరే చెప్పండి. ఆ పేజీ చూసినవాళ్లు టోఫు అంటే హైదరాబాద్‌లో జిమ్‌కి వెళ్లే కుర్రాళ్ల తిండి అనుకుని పేజీ తిప్పేస్తారు. పైగా పక్కన పెట్టిన డబ్బాలో షుగర్, బీపీ, గుండెజబ్బు, క్యాన్సర్ అన్నిటికీ ఇదే మందన్నట్టు రాశారు. అంత లేదండీ. ఉన్నది ఉన్నట్టు చెప్పినా చాలు, అదేం తక్కువ కాదు.

మా ఇంట్లోకి టోఫు ఎలా వచ్చిందో చెప్తాను. మా అత్తయ్యగారికి 78 ఏళ్లు. పుట్టిందీ మెట్టిందీ పాడి ఉన్న ఇళ్లే, గేదె ఈనిందంటే వీధి వీధంతా జున్ను పంచిన మనిషి. అలాంటావిడకి నాలుగేళ్ల కిందట పాలు పడటం మానేశాయి. అరగ్లాసు కాఫీ తాగినా కడుపు ఉబ్బరం, విరేచనాలు. డాక్టరు గారు చూసి, పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగడం లేదమ్మా, వయసు పెరిగేకొద్దీ చాలామందికి ఇలా అవుతుంది అన్నారు. పెరుగు కొంచెం పడుతుంది, పాలూ జున్నూ పనీరూ పడవు. కళ్లు సరిగ్గా ఆనక ముళ్లు కనపడటం లేదని చేపలు అప్పటికే తగ్గించేశారు. కార్తీకమాసం వస్తే గుడ్డు కూడా ముట్టరు. ఒకరోజు కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదాని ప్రకారం పెద్దవాళ్లకి ఒంటి బరువు కిలోకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఆవిడ 48 కిలోలు, అంటే 40 గ్రాములు. తినేదేమో పొద్దున్న రెండిడ్లీలు, మధ్యాహ్నం నాలుగు ముద్దల అన్నం, అందులోకి చారు, ఓ చెంచాడు పప్పు, రాత్రికి కాస్త ఉప్మా. ఎంత లాగి లెక్కేసినా సగం దాటితే గొప్ప. గాజులు మోచేతి దాకా జారిపోతుంటే వయసు మీద పడిందిలే అనుకున్నాం గానీ కంచంలో ఏముందో మేమెవరం చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ రోజుల్లో మా అమ్మాయి బెంగళూరు నుంచి వస్తూ ఒక ప్యాకెట్ తెచ్చింది. కోసి పళ్లెంలో పెడితే మా అత్తయ్యగారు వేలితో నొక్కి చూసి, "ఏవిటమ్మాయ్ ఇది, చూపుకి జున్నులా ఉంది, వాసన చూస్తే చిక్కుడు గింజలా ఉంది" అన్నారు. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. సోయా చిక్కుడు గింజలు నానబెట్టి రుబ్బి పాలు తీసి, ఆ పాలు విరగ్గొట్టి అదిమితే వచ్చేదే టోఫు. పాలలాగే కనిపిస్తాయి గానీ అందులో లాక్టోజ్ ఉండదు, కొలెస్ట్రాల్ ఉండదు. గట్టి టోఫు 100 గ్రాములు తింటే రకాన్ని బట్టి 10 నుంచి 17 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. కోడిగుడ్డుకి 6 గ్రాములు వస్తుందనుకుంటే మీరే పోల్చుకోండి. మామూలు పప్పుల్లో ప్రోటీన్ ఉన్నా, ప్రోటీన్‌కి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు కొన్ని తక్కువ పడతాయి, సోయాలో మాత్రం మనకి బయట నుంచి రావాల్సిన తొమ్మిదీ సరిపడా ఉంటాయి.

సోయా మనకి కొత్తా అంటే అదీ కాదు. పెళ్లి భోజనాల్లో మీల్ మేకర్ కూర తినని వాళ్లు మా జిల్లాలో ఉన్నారా? అదీ ఈ గింజే. నూనె తీసేశాక మిగిలిన పిండితో చేస్తారు దాన్ని. ఇంకో సంగతి, ఈ సోయా మన గోదారి ఒడ్డునే పండుతుంది, కాకపోతే ఎగువన. నాందేడ్ వైపు, ఇటు నిర్మల్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు తొలకరికి వేస్తారు. మాది సార్వా, దాళ్వా వరి దేశం, నీళ్లు నిలిచే చేలో సోయా బతకదు, అందుకే మా వాళ్లకి మినుములూ పెసలూ తెలిసినంతగా ఇది తెలియలేదు. గింజలు మాత్రం మా కిరాణా కొట్లో దొరుకుతాయి, మొన్న కిలో 120 రూపాయలకి తెచ్చాను. పావుకిలో గింజలకి నాకు 350 నుంచి 400 గ్రాముల టోఫు గడ్డ వస్తుంది. అంటే 30 రూపాయల గింజలు, రెండు నిమ్మకాయలు, కాస్త గ్యాసు. బజార్లో అంత టోఫు కొనాలంటే ఎంతవుతుందో మీకు తెలుసు.

చేసే పద్ధతి మీ పేజీలో రెండు ముక్కల్లో తేల్చేశారు కాబట్టి నేను వివరంగా రాస్తున్నాను, కుదిరితే ఇదైనా వేయండి. పావుకిలో గింజలు రాత్రి నానబెట్టాలి, చలికాలమైతే 12 గంటలు. పొద్దున్నకి గింజ రెట్టింపు అవుతుంది, వేళ్లతో నలిపితే మినప్పొట్టు లాగే పొట్టు పైకి తేలుతుంది, తేలినంత వంపేసుకుంటే చాలు, మిగిలింది ఉన్నా పర్వాలేదు. మెత్తగా రుబ్బి, మొత్తం మీద రెండు లీటర్ల నీళ్లు పడేలా కలిపి, పాత పంచె గుడ్డలో వేసి గట్టిగా పిండాలి. వచ్చిన పాలు అడుగు మందమున్న పెద్ద గిన్నెలో పొయ్యి మీద పెట్టి దగ్గరే నిలబడాలి. ఎందుకంటే ఈ పాలు ఉడక్కముందే పొంగుతాయి. నురగ గిన్నె అంచు దాకా వస్తుంది, మరిగిపోయిందనుకుని దించేస్తారు, అక్కడే చాలామంది తప్పు చేస్తారు. పచ్చి సోయాలో ప్రోటీన్‌ని అరగనివ్వని పదార్థం ఉంటుంది, అది పోవాలంటే బాగా ఉడకాలి. నురగ తీసేసి, మంట తగ్గించి, కలుపుతూ ఇంకో పది నిమిషాలైనా మరగనివ్వండి. పచ్చి వాసన పోయి వేయించిన గింజ లాంటి కమ్మటి వాసన వచ్చేదాకా అన్నమాట.

తర్వాత పొయ్యి ఆపి రెండు మూడు నిమిషాలు ఆగాలి. మూడు నాలుగు చెంచాల నిమ్మరసం కప్పు గోరువెచ్చటి నీళ్లలో కలిపి మూడు విడతలుగా పొయ్యాలి, గరిటె ఒక్క చుట్టు తిప్పి ఆపెయ్యాలి, గబగబా కలిపితే గడ్డ కట్టకుండా రవ్వ రవ్వ అయిపోతుంది. మూత పెట్టి పావుగంట ఆగి తీస్తే తెల్లటి మబ్బుల్లా విరిగి, కింద నీళ్లు లేత పసుపుగా తేటగా కనిపిస్తాయి. నీళ్లు ఇంకా పాలలా తెల్లగా ఉంటే ఇంకొంచెం నిమ్మరసం పొయ్యండి. చిల్లుల గిన్నెలో గుడ్డ పరిచి అందులో వంపి, మడిచి, పైన పళ్లెం పెట్టి, దాని మీద రోలు పొత్రం పెడతాను నేను. అరగంటలో గడ్డ తయారు. చన్నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ మూడు నాలుగు రోజుల్లో వాడేస్తాను.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి మీరు రాయలేదు. టోఫులో కాల్షియం పుష్కలం అని రాసి వదిలేశారు. అది దేనితో విరగ్గొట్టారన్న దాన్ని బట్టి ఉంటుందండీ. బజారు టోఫులో కొన్ని రకాలు కాల్షియం సల్ఫేట్‌తో చేస్తారు, వాటిలో కాల్షియం బాగా ఉంటుంది. జపాన్ వాళ్లు సముద్రపు ఉప్పు తీశాక మిగిలే నిగారి వాడతారు, అది ముఖ్యంగా మెగ్నీషియం క్లోరైడ్. నాలా నిమ్మకాయతో చేస్తే ప్రోటీన్ వస్తుంది గానీ కాల్షియం అంతగా రాదు. మోకాళ్ల నొప్పులకీ ఎముకలకీ అని తినేవాళ్లు ప్యాకెట్ వెనక చూసి కొనుక్కోవాలి. ఇంకో హెచ్చరిక కూడా రాయాలి, కాల్షియం సల్ఫేట్ అంటే జిప్సమే కదా అని మా వైపు ఎవరైనా ఎరువుల కొట్లో చౌడుకి చల్లే జిప్సం తెచ్చి పాలలో వేస్తారేమోనని నాకు భయం. అది పొలానికే. తినేదానికి ఫుడ్ గ్రేడ్ వేరే ఉంటుంది, అది దొరక్కపోతే నిమ్మకాయే వాడండి.

ఇక వంట. టోఫుకి సొంత రుచి లేదు, చప్పగా ఉంటుందని అందరూ తీసిపారేస్తారు. పనసపొట్టుకి మాత్రం సొంత రుచి ఎక్కడుంది చెప్పండి? ఆవ పెట్టబట్టి కదా దానికంత పేరు. నేను మొదటిసారి టోఫుని దారికి తెచ్చుకున్నదీ అలాగే. గడ్డని చేత్తో పొట్టులా చిదిపి, ఇనప మూకుడులో చెంచాడు నూనె వేసి నీరంతా ఇగిరి అక్కడక్కడ ఎర్రబడేదాకా వేయించి పక్కన పెట్టుకున్నాను. అదే మూకుడులో సెనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, పచ్చిమిర్చి, గుప్పెడు కరివేపాకు పోపు పెట్టి, పసుపు, ఉప్పు, చింతపండు గుజ్జు వేసి పచ్చివాసన పోయాక టోఫు కలిపాను. పొయ్యి ఆపేసి, కొంచెం చల్లారనిచ్చి, అప్పుడు ముద్ద ఆవ కలిపాను. పొయ్యి మీద ఉండగా ఆవ వేస్తే చేదెక్కుతుంది, అది మా వాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. మూత పెట్టి పది నిమిషాలాగి తీస్తే ఘాటు ముక్కుకి తగిలింది. మా అత్తయ్యగారు అన్నంలో కలుపుకుని రెండో ముద్దకి, "ఇదేదో మనదే" అన్నారు. ఉల్లీ వెల్లుల్లీ అక్కర్లేదు కాబట్టి కార్తీకంలోనూ, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకీ నిశ్చింతగా వండిపెట్టొచ్చు. మా వైపు మాలలో ఉన్న కుర్రాళ్లు 41 రోజులూ ఒంటిపూట భోజనం చేస్తూ పొలం పనీ రొయ్యల చెరువు పనీ మానరు, కంచంలో చూస్తే అన్నం, సాంబారు, ఆవకాయ. వాళ్ల ఇళ్లలో అమ్మలు ఈ కూర నేర్చుకుంటే ఎంత బాగుంటుందో.

పులుసులోకి కూడా బ్రహ్మాండంగా కుదురుతుంది. వేలెడు మందం ముక్కలు కోసి, పది నిమిషాలు వేడి ఉప్పునీళ్లలో ఉంచి తీసి తుడిచి, పెనం మీద రెండు వైపులా కదపకుండా ఎర్రగా కాల్చుకోవాలి, కదిపితే చితుకుతుంది. బెండకాయలు వేసి చిక్కగా మరిగించిన చింతపండు పులుసులో చివర్లో వెయ్యాలి. చేపల పులుసు రుచి రావాలని మాత్రం చూడకండి, రాదు, రానక్కర్లేదు. రాత్రంతా పులుసులో ఊరి మర్నాటికి లోపలి దాకా పులుపెక్కిన ముక్క రుచే వేరు. ఇంకా బాగా పీల్చుకోవాలంటే ముక్కల్ని ఒక రాత్రి డీప్ ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, కరిగాక పిండి వాడండి. లోపలి నీరు మంచుగా మారి కన్నాలు పడి స్పాంజిలా అవుతుంది. జపాన్‌లో ఇలా గడ్డకట్టించి ఎండబెట్టి నిలవ చేసుకుంటారు, కోయా దోఫు అంటారు. అక్కడి బౌద్ధ మఠాల్లో మాంసం ముట్టని భిక్షువులకి వందల ఏళ్లుగా టోఫే బలం, ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉన్న మా నేలకి ఆ మాట విన్నప్పుడు ఎందుకో దగ్గరగా అనిపిస్తుంది.

పిల్లలకి కోడిగుడ్డు పొరటు లాగే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు, మిరియాల పొడి వేసి టోఫు పొరటు చేసి పెసరట్టులో ఉప్మా బదులు పెట్టండి. గోంగూరలోకీ మంచిది. అన్నిటికన్నా నాకు ఇష్టమైంది చెప్తాను. పాలు విరిగాక అదమకుండా, మెత్తగా ఉన్నప్పుడే గరిటెతో గిన్నెలోకి తీసి, బెల్లం పాకంలో శొంఠి, మిరియాలు, యాలకులు వేసి పైన పోస్తాను. పడదని జున్ను మానేసిన మా అత్తయ్యగారి కోసం చేశాను ఇది. చైనావాళ్లు కూడా మెత్తటి టోఫు మీద అల్లం పాకం పోసుకు తింటారని తర్వాత తెలిసింది. అక్కడ 2000 ఏళ్లకి పైగా ఉందంటారు టోఫు, హాన్ వంశపు కాలంలో లియు ఆన్ అనే రాకుమారుడు కనిపెట్టాడని కథ చెప్పుకుంటారు. ఎవరు కనిపెడితేనేం, ఆ గిన్నె ఆవిడ నాకి మరీ తిన్నారు.

ఆరోగ్యం సంగతికి వస్తాను. గుండెకి మంచిదని మీరు రాసింది తప్పు కాదు, కానీ సగమే. అమెరికాలోని ఆహార, ఔషధ సంస్థ 1999లో రోజుకి 25 గ్రాముల సోయా ప్రోటీన్ గుండెజబ్బు ముప్పు తగ్గించవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. అదే సంస్థ 2017లో, అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు కాబట్టి ఆ అనుమతి వెనక్కి తీసుకుంటామని ప్రతిపాదించింది. చెడ్డ కొలెస్ట్రాల్ నూటికి మూడు నాలుగు వంతులు తగ్గుతుందని తేలింది, అంతే. దాన్ని మందు అనకూడదు. అసలు లాభం ఎక్కడంటే, కొవ్వు మాంసం, పనీరు తినే చోట టోఫు తింటే గట్టి కొవ్వు తగ్గుతుంది. షుగర్ వాళ్లకి కూడా అంతే, టోఫులో పిండిపదార్థం చాలా తక్కువ, దాంతో కడుపు నిండి అన్నం రెండు ముద్దలు తగ్గితే అదే మేలు. అన్నం కొండలా పెట్టుకుని పక్కన టోఫు నంజుకుంటే ఏ షుగరూ తగ్గదు, మాత్రలు మానేస్తే అసలే ప్రమాదం. మీ పేజీ చదివి ఎవరైనా మాత్రలు మానేస్తారేమోనని నా టెన్షన్.

మగపిల్లలకి పెడితే ఆడలక్షణాలొస్తాయని మా వీధిలోనే నాతో ముగ్గురు అన్నారు. సోయాలో ఐసోఫ్లేవోన్లని ఆడ హార్మోన్‌ని కొంచెం పోలిన పదార్థాలుంటాయి, అవి చాలా బలహీనమైనవి. మగవాళ్ల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూసినా మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గినట్టు కనపడలేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు తినకూడదనే భయం కూడా ఉంది, తిండిగా తినే సోయా వల్ల ముప్పు లేదని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చెబుతోంది. మాత్రల రూపంలో అమ్మే సోయా సారం మాటే వేరు, దాని జోలికి డాక్టర్‌ని అడక్కుండా వెళ్లకూడదు.

జాగ్రత్తలు మాత్రం నిజంగా ఉన్నాయి, నా ఒంటి మీదే నేర్చుకున్నాను. నాకు థైరాయిడ్ మాత్ర ఉంది, పరగడుపున వేసుకుంటాను. పొద్దున్నే మాత్ర వేసుకుని అరగంటకల్లా పెసరట్టులో టోఫు పెట్టుకు తినేదాన్ని. మూడు నెలలకి పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ లెక్క పెరిగింది, అంటే మందు చాలడం లేదని, డోసు పెంచాలన్నారు. ఏం తింటున్నారని డాక్టరు గారు విడమరిచి అడిగితే అప్పుడు బయటపడింది, సోయా ఆ మందుని ఒంటికి పట్టనివ్వదట. మాత్రకీ టోఫుకీ నాలుగు గంటల ఎడం పెట్టమన్నారు. ఇప్పుడు మధ్యాహ్నం తింటున్నాను, లెక్క సరిగ్గా ఉంది. మా జిల్లాలో ఆడవాళ్లలో ఎంతమంది థైరాయిడ్ మాత్ర మింగుతున్నారో మీకు తెలుసు, ఈ ఒక్క వాక్యం మీ పేజీలో ఉండాల్సింది. సోయా పడనివాళ్లుంటారు, వాళ్లు ముట్టకూడదు. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్ చెప్పినంతే. విటమిన్ బీ12 టోఫులో ఉండదు, పూర్తి శాకాహారులు అది వేరే దారిలో చూసుకోవాలి.

ఇంకొకటి. మొన్న వేసవిలో పట్నంలో ఒక కొట్లో ప్యాకెట్ కొన్నాను, కొట్టు పేరెందుకు లెండి. తేదీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది, ఇంటికొచ్చి విప్పితే జిగురుగా, పుల్లటి వాసన. కరెంటు పోయిన గంటల్లో ఫ్రిజ్ ఆగిపోయి ఉంటుంది. టోఫు పాల లాంటిదే, తడి సరుకు, చల్లదనం తప్పితే నిలవదు. ఉబ్బిన ప్యాకెట్, జిగురు, పులుపు వాసన, ఈ మూడింట్లో ఏది ఉన్నా పారెయ్యండి, డబ్బు పోయిందని వండెయ్యకండి.

అయ్యా, మిమ్మల్ని కోరేది ఒక్కటే. మళ్లీ టోఫు గురించి వేసినప్పుడు మా వంటింట్లో ఉండే చింతపండుతో, ఆవతో, బెల్లంతో వండే వంటలు వేయండి, థైరాయిడ్ మాట డబ్బా కట్టి వేయండి. మా అత్తయ్యగారి చేతులకి మళ్లీ కాస్త కండ పట్టింది. టోఫు ఒక్కదాని వల్లే అని నేను అనను, పప్పు కూడా పెంచాం, రోజూ సాయంత్రం కాలవగట్టు దాకా నడిపిస్తున్నాం. గాజులు మాత్రం మణికట్టు దగ్గర ఆగుతున్నాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అంబాజీపేట దగ్గర నుంచి

మరిచాను. పాలు పిండాక మిగిలిన పిప్పి పారెయ్యకండి, పీచుపదార్థం చాలావరకు అందులోనే ఉంది. అది పచ్చిది కాబట్టి బాగా ఉడకాలి, ఆ రోజే వాడెయ్యాలి. ఇడ్లీ రేకులో పెట్టి ఇరవై నిమిషాలు ఆవిరి పట్టి, నానిన సెనగపప్పు కచ్చాపచ్చాగా రుబ్బి కలిపి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, కొబ్బరి కోరు వేసి వడలు చెయ్యండి. నూనె బాగా కాగాకే వెయ్యండి, లేకపోతే విడిపోతాయి.